కుట్టుమిషన్ పక్కన

ఆకురాలు కాలం వచ్చిందంటే మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం వస్తుంది. ఐదో తరగతి పిల్లలు మొదటిసారి కుట్టుమిషన్ ముందు కూర్చోబోతున్నారు, వీలున్న తల్లిదండ్రులు వచ్చి సాయం చేస్తారా అని. జపాన్‌లో చాలా ప్రాథమిక పాఠశాలల్లో ఇది మామూలే. ఒక్క టీచరు ముప్పై మంది సూదుల్ని కనిపెట్టుకుని ఉండలేరు కదా. మా నాన్న తెనాలిలో టైలరు. మిషన్ చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, కాబట్టి ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్తాను.

ఇక్కడ ఐదు, ఆరు తరగతుల్లో గృహశాస్త్రం అందరికీ తప్పనిసరి. 1947లో ఈ పాఠం పెట్టినప్పటి నుంచీ ప్రాథమిక పాఠశాలలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే నేర్చుకుంటున్నారు. ఐదో తరగతిలో ఏడాదికి 60 పీరియడ్లు, ఆరులో 55. ఒక్కోటి 45 నిమిషాలు. అందులోనే వంట, ఇంటి శుభ్రత, డబ్బు ఖర్చుపెట్టే తీరు, కుట్టు అన్నీ సర్దాలి. ముందు చేతికుట్టు: దారం కొసన ముడి, కచ్చాకుట్టు, గుండీ కుట్టడం. మిషన్ ఆ తర్వాతే. అది కూడా మొదట దారం ఎక్కించకుండా, కాగితం మీద గీసిన గీతల వెంట ఉత్త సూది నడపాలి. కాగితాన్ని వెలుగుకి ఎత్తిపట్టుకుంటే చిల్లుల వరస కనిపిస్తుంది. ఎక్కడ చెయ్యి తొందరపడిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అది కుదిరాక ఏప్రన్ మొదలవుతుంది. బట్ట ఎవరికి నచ్చింది వాళ్లే ఎంచుకుంటారు. మగపిల్లల్లో డ్రాగన్ బొమ్మకున్న గిరాకీ ఇంతా అంతా కాదు.

సాయానికి వచ్చిన మాకు టీచరు ముందే ఒక మాట చెబుతారు: ప్రమాదం అనిపిస్తే తప్ప పిల్లల గుడ్డ మీద చెయ్యి వెయ్యొద్దు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటమే అక్కడ అన్నిటికన్నా కష్టమైన పని. వంకర కుట్టు కళ్లముందు పోతుంటే వేళ్లు వాటంతటవే ముందుకొస్తాయి.

అందరి దగ్గరా వచ్చే చిక్కు ఒకటుంది. కుట్టు మొదలుపెట్టిన కాసేపటికి గుడ్డ కింద దారం పిచ్చుకగూడులా పోగుపడి మిషన్ ఆగిపోతుంది. పిల్లలు కింద చూస్తారు, బాబిన్ పాడైందంటారు, బాబిన్ తీసి మళ్లీ పెడతారు. గూడు మళ్లీ కడుతుంది. నిజానికి అలా జరిగినప్పుడు తప్పు చాలాసార్లు పైదారానిది. దారాన్ని బిగించి ఉంచే బిళ్లల మధ్యకి అది సరిగ్గా దిగి ఉండదు, లేదా గుడ్డని నొక్కిపట్టే పాదం దించకుండానే కుట్టడం మొదలుపెట్టి ఉంటారు. పాదం పైకి ఉంటే ఆ బిళ్లలు వదులుగా ఉంటాయి, పైదారం పట్టు లేకుండా కిందికి జారిపోతుంది. ఈ సంగతి చెప్పేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. కానీ చెప్పను. "దారం రీలు దగ్గర మొదలుపెట్టి, అది వచ్చిన దారంతా వేలితో చూపించు" అంటాను. మిషన్ మీద అచ్చువేసిన అంకెల వెంట ఆ చిన్న వేలు నడుస్తుంది. రెండు, మూడు... సూదికి పైన దారాన్ని ఎత్తి దించే కొక్కెం దగ్గర టక్కున ఆగుతుంది. "ఇక్కడ వెయ్యలేదు!" అని ఆ పిల్లాడే అరుస్తాడు. ఆ అరుపు వినడానికి నేను ఎంత దూరమైనా వెళ్తాను.

ఆ వేలు అలా నడవడం వెనక నాలుగేళ్ల సాధన ఉంది. 1992 నుంచి జపాన్‌లో ఒకటి, రెండు తరగతులకి సైన్సు, సోషల్ విడివిడిగా లేవు. వాటి స్థానంలో చుట్టూ ఉన్న జీవితాన్నే చూసి నేర్చుకునే పాఠం వచ్చింది. చాలా బడుల్లో ఒకటో తరగతిలో ప్రతి పిల్లకీ ఒక కుండీ ఇచ్చి మార్నింగ్ గ్లోరీ విత్తనాలు నాటిస్తారు. అది మన కాశీరత్నం జాతి తీగే. చూసిందల్లా కార్డు మీద బొమ్మ గీసి, పక్కన రాయాలి. మొలక విప్పిన మొదటి రెండాకులకి మధ్యలో లోతైన గంటు ఉంటుంది. తర్వాతి ఆకులు మూడు కొనలతో, నూగుతో వస్తాయి. మనసులో ఊహించుకున్న ఆకుని గీసిన పిల్ల రెండిటినీ ఒకేలా గీస్తుంది. టీచరు తప్పని కొట్టెయ్యరు, "మళ్లీ కుండీ దగ్గరికి వెళ్లి చేత్తో తాకి చూసి రా" అంటారు. వేసవిలో పూలు పిండి రంగునీళ్లు చేస్తారు, అందులో వెనిగర్ చుక్క పడితే ఎర్రబడుతుంది. ఆకురాలు కాలంలో ఎండిన తీగల్ని చుట్టి తలుపుకి వేలాడదీసే కడియం అల్లుతారు. చూడటమూ చెయ్యడమూ వేరువేరు పీరియడ్లు కావని ఆ వయసులోనే ఒంటబడుతుంది.

నాన్న కొట్లో పని నేర్చుకోవడానికొచ్చిన కుర్రాళ్లు నెలల తరబడి కాజాలు, హెమ్మింగులే చేసేవాళ్లు. "గుడ్డకేసి చూడరా, నా మొహంలోకి కాదు" అనేవాడు నాన్న. గొప్ప గురువు. కానీ ఆ కుర్రాళ్లంతా బడి మానేసి వచ్చినవాళ్లు. చదువు అబ్బనివాడికే చేతిపని అన్న లెక్క నాకు చిన్నప్పుడే బాధ కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తోంది. చేతిపనిని చదువు మధ్యలో పెట్టాలని 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీం ముందుకు తెచ్చారు. కానీ నేను చదివిన బడిలో క్రాఫ్ట్ పీరియడ్ వచ్చేసరికి అందులో లెక్కలు చెప్పేవాళ్లు. ఇంజనీరు కాబోయే పిల్లకీ వంటవాడు కాబోయే పిల్లాడికీ ఒకే గదిలో, ఒకే మిషన్ మీద కుట్టు నేర్పడం మనకెందుకు చేతకాదు? అంత ఖరీదైన పనేం కాదది.

టోక్యోలో నిషికసాయి వైపు ఉన్న తెలుగు తల్లిదండ్రులు "భాష రాదుగా, మేమెళ్లి ఏం చేస్తాం" అంటారు. మిషన్ పక్కన "చూడు", "ఇక్కడ", "మెల్లగా", "మళ్లీ" అన్నవి వస్తే చాలు. ఈసారి మావాళ్లలో ఇద్దరు తల్లులు పేర్లిచ్చారు. ఒకావిడ ఎప్పుడూ మిషన్ ముట్టుకోలేదట. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, ముందు పైదారం ఎక్కించడం చూపిస్తాను.