రియాద్ లోయలో మురుగు తేటపడే చోటు

గల్ఫ్ దేశాలకు బిడ్డలను పంపిన ఇళ్లు కరీంనగర్, నిజామాబాదు, కడప, కోనసీమ పల్లెల్లో ఎన్నో కనబడతాయి. ఆ ఇళ్లలో రియాద్ పేరు ముసలివారికి కూడా నోటికి వచ్చు. అయితే ఆ మహానగరము పక్కనే ఒక పెద్ద వాగు ఉన్నదని, నగరము వాడి వదిలిన నీరు ఆ వాగులోనే రాళ్ల మధ్య శుభ్రపడుతున్నదని తెలిసినవారు తక్కువ. పాఠకులారా, ఈసారి ఆ వాగు వెంట కొంతదూరము నడుద్దాము.

దాని పేరు వాదీ హనీఫా. వానలు కురిసినప్పుడే పారే ఎడారి వాగును అరబ్బులు వాదీ అంటారు. తువైక్ అనే సున్నపురాతి కొండల వరుసలో పుట్టి, నగరానికి పడమటి వైపుగా దక్షిణానికి సుమారు 120 కిలోమీటర్లు సాగుతుంది. అక్కడ ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్లు, ఒక్కో ఏడు అదీ ఉండదు. మన దగ్గర ఒక తుపాను ముసురులో రెండు రోజులకే అంత పడుతుంది. ఆ కాస్త నీరే ఇసుకలోకి ఇంకి బావుల్లో ఊరేది. ఆ బావుల మీదనే ఖర్జూరపు తోటలు బతికాయి. రియాద్ అనే మాటకు తోటలు అని అర్థము. వాగు గట్టు మీది దిరియా పట్టణములో పాత రాజుల మట్టి ఇటుకల కోటలు, ఇళ్లు నేటికీ చూడవచ్చు. ఆ కట్టడాలకు 2010లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దొరికింది.

చమురు డబ్బు వచ్చాక నగరము పొంగిపోయింది. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 70 లక్షలమంది తేలారు. ఇంతమందికి బావులు ఏపాటి? 400 కిలోమీటర్లకు పైగా దూరములో, జుబైల్ దగ్గర సముద్రపు నీటిలోని ఉప్పు తీసి, గొట్టాల ద్వారా తెస్తారు. రియాద్ సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక ఆ నీటిని అంత ఎత్తుకూ తోడవలసిందే. ఇంత ఖర్చుతో వచ్చిన నీరు ఒక్కసారి పాత్రలు కడిగి, స్నానము చేయగానే మురుగైపోతుంది. ఆ మురుగూ, నగరము అడుగున ఊరే నీరూ వాదీలోకి చేరి, ఎండిన వాగు కాస్తా ఏడాది పొడుగునా పారసాగింది. సంతోషించదగిన పారుదల కాదది. ఒకవైపు మట్టి, రాయి తవ్వి తీసుకుపోయినవారు, మరోవైపు కూల్చిన ఇళ్ల శిథిలాలు లారీలతో తెచ్చి పోసినవారు. తోటల లోయ కంపు కొట్టింది.

2001 నుండి రియాద్ అభివృద్ధి సంస్థ దీనిని బాగుచేయ పూనుకున్నది. కెనడాకు చెందిన మొరియామా అండ్ తెషిమా, బ్రిటనుకు చెందిన బ్యూరో హాపోల్డ్ సంస్థలు పథకము గీశాయి. మొదట చెత్త ఎత్తారు. వాగు అడుగును సరిచేసి, అకస్మాత్తుగా వరద వస్తే అడ్డు లేకుండా సాగిపోయే దారి చేశారు. ఆ తరువాతే శుద్ధి మాట.

శుద్ధి కర్మాగారము అనగానే ఇనుప తొట్లు, ఎత్తైన ప్రహరీ, లోపలికి రావద్దనే బోర్డు మన కళ్ల ముందు మెదులుతాయి. ఇక్కడ అవేవీ ప్రధానము కావు. కర్మాగారమంతా సున్నపురాతి బండలతో, నేల వాలుతో కట్టినదే. మన చెరువు అలుగు మీద నుండి దూకినట్లు నీరు రాతి కట్టల మీద నుండి దూకుతుంది. దూకినప్పుడెల్లా గాలి కలుస్తుంది. చాలనిచోట గాలి ఊదే పంపులు కూడా పెట్టారు. తరువాత నీరు చిన్న చిన్న మడుగుల వరుసలోకి చేరి నెమ్మదిస్తుంది. మడుగుల అడుగున పరచిన రాళ్లకు పాచి పడుతుంది. ఆ పాచిలోని కంటికి కనబడని జీవులే మురికిని తింటాయి. పాచిని పురుగులు, పురుగులను తిలాపియా చేపలు తింటాయి. గట్ల వెంబడి నాటిన మొక్కలు మిగిలిన సారము పీల్చుకుంటాయి. ఈ విధముగా రోజుకు సుమారు 3,50,000 ఘనపు మీటర్ల నీటిని, అనగా 35 కోట్ల లీటర్లను, శుభ్రపరచేటట్లు దీనిని కట్టారు. 2010లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారము పొందిన ఐదు కట్టడాలలో ఇది ఒకటి.

ఈ నీరు తాగడానికి కాదు, తోటలకు, పొలాలకు. ఇటువంటి పద్ధతికి విశాలమైన చోటు కావాలి, పూడిక తీసే మనుషులు ఎప్పుడూ ఉండాలి. కర్మాగారాల విషపు రసాయనాలు వచ్చి పడితే మురికి తినే జీవులే ముందు చస్తాయి. కట్టి వదిలేస్తే చాలుననుకునేవారికి ఇది పనికిరాదు.

నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి వేరొకటి. సెలవు రోజైన శుక్రవారము కుటుంబాలు ఈ లోయకు వచ్చి చాపలు పరచుకుని, పిల్లలతో భోజనము చేస్తాయి. ఆడవారికి మరుగు ఉండేటట్లు పెద్ద రాతి పలకలను వంపుగా నిలబెట్టి చిన్న చిన్న గదులవలె చేశారు. తన మురుగు శుభ్రమయ్యే చోట కూర్చుని అన్నము తినగలిగిన ఊరు ఎన్ని ఉంటాయి? మన పల్లెల్లో వీధి కాలువ నేరుగా చెరువులో పడుతుంటే ముక్కు మూసుకుని పోతాము. అదే చెరువులో బర్రెలను కడుగుతాము. ఆ కాలువ చెరువును చేరకముందు రెండు మడుగులు తవ్వి, నాలుగు వరుసల రాళ్లు పేర్చి, జమ్ము పెంచితే కొంతైనా మేలు గదా అనిపిస్తుంది. దానికి చమురు బావులు అక్కరలేదు. కాలువ చివర కాస్త పోరంబోకు నేల ఉండాలి, దానిని ఎవరూ ఆక్రమించకుండా పంచాయతీ కాపాడాలి. రెండవదే కష్టము.

రియాద్ దాటి దక్షిణానికి పోతే అల్ హాయిర్ వస్తుంది. లోయ అక్కడ వెడల్పవుతుంది. ఎడారి అంచున నీటి మడుగులు, వాటి గట్లన రెల్లు, రెల్లులో కొంగలు. ఇరుపక్కలా పొలాలు. జుబైల్ సముద్రము నుండి బయలుదేరిన నీరు నగరములో ఒకసారి పనిచేసి, ఇక్కడ ఖర్జూరపు చెట్ల మొదళ్లలోకి ఇంకుతుంది.