చెయ్యి మొద్దుబారే దారి: మంగళగిరి నుంచి ఒంగోలు దాకా

మంగళగిరిలో బైకు స్టార్ట్ చేసి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఒంగోలు దాదాపు 130 కిలోమీటర్లు. మలుపులు తక్కువ, ఘాట్లు లేవు, గేర్లు మార్చే పని పెద్దగా ఉండదు. ఇంత సుఖమైన దారి ఇంకోటి ఉండదనుకుంటాం. చేతుల్ని అడిగితే మాత్రం వేరే మాట చెప్తాయి. తిన్నని రోడ్డు, ఒకటే స్పీడు, ఒకటే పట్టు... వేళ్లు మొద్దుబారడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

నేను నెలకి నాలుగైదుసార్లు ఈ దారిలో తిరుగుతాను. మాది నేత కుటుంబం. ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో నేసిన చీరలు మూట కట్టి చిలకలూరిపేట, ఒంగోలు షాపులకి వేసి రావడం నా పని. బండి 150 సీసీ, సింగిల్ సిలిండర్. మన రోడ్ల మీద తిరిగే బైకుల్లో ఎక్కువ భాగం అలాంటివే కాబట్టి, ఇది నా ఒక్కడి కథ కాదు.

మంగళగిరి: గుంట మగ్గం నేర్పే పాఠం

ఊళ్లోకి వచ్చేవాళ్లు ముందు చూసేది గాలిగోపురాన్ని. 11 అంతస్తులు, ఎత్తు 153 అడుగులు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించాడు. దాన్ని దాటి సందుల్లోకి వెళ్తే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మంగళగిరి చీరకి నిజాం అంచు పేరు తెచ్చింది. నేసేది గుంట మగ్గం మీద. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, కింద పావుకోళ్లు తొక్కుతూ, ఒక చేత్తో తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. పడుగులో పేక పడుతుంది. ఆ లాగుడు రోజుకి కొన్ని వేలసార్లు.

మా పెదనాన్న నలభై ఏళ్లు అలా లాగాడు. ముందు రాత్రిపూట చెయ్యి తిమ్మిరెక్కేది. లేచి విదిలించుకుని మళ్లీ పడుకునేవాడు. "పని చేసిన చెయ్యి కదరా అబ్బాయ్, ఆమాత్రం ఉంటుంది" అనేవాడు. కొన్నేళ్లకి బొటనవేలి కింద కండ తగ్గి గుంట పడింది. ఇప్పుడు తెగిన పోగు అతకాలంటే సన్నటి దారం వేళ్ల మధ్య నిలవదు. చొక్కా గుండీ మా పెద్దమ్మ పెడుతుంది. నేత మానేసి ఏడేళ్లయింది.

అందుకే ఒకరోజు హైవే మీద నా బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారినప్పుడు దాన్ని మామూలు తిమ్మిరని వదిలెయ్యబుద్ధి కాలేదు. పెదనాన్నకీ అవే మూడు వేళ్లు.

కాజ: టోలు లేదు కానీ...

కాజ టోల్ గేటు దగ్గర బైకులకి టోలు లేదు, పక్క దారిలో వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత నాగార్జున యూనివర్సిటీ, గుంటూరు శివార్లు. ఇక్కడి నుంచి బండి టాప్ గేర్‌లో పడుతుంది. చెయ్యి కట్టే టోలు మొదలయ్యేది ఇక్కడే.

లెక్క చూడండి. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకి 83 పైచిలుకు. అంటే పిస్టన్ సెకనుకి 83 సార్లు పైకీ కిందకీ కొట్టుకుంటోంది. రెండు, నాలుగు సిలిండర్ల బండ్లలో ఒక పిస్టన్ కుదుపుని ఇంకోటి కొంత సర్దేస్తుంది. ఒకటే పిస్టన్ ఉన్న బండిలో ఆ కుదుపుని తగ్గించడానికి చాలా కంపెనీలు ఎదురు తిరిగే బరువు ఒకటి పెడతాయి. దాన్నే బ్యాలన్సర్ షాఫ్ట్ అంటారు. అదున్నా కుదుపు మొత్తం పోదు. మిగిలింది ఫ్రేములోకి, అక్కడి నుంచి హ్యాండిల్‌లోకి, హ్యాండిల్ నుంచి అరచేతిలోకి వస్తుంది.

ప్రతి హ్యాండిల్‌కీ తనదైన ఒక వణుకు ఉంటుంది. ఇంజన్ కుదుపు సరిగ్గా దానితో కలిసే స్పీడులో హ్యాండిల్ జుమ్మంటుంది. ఆ స్పీడు ఏదో కనిపెట్టడానికి మిషన్లు అక్కర్లేదు, అద్దం చూడండి. వెనక లారీ అద్దంలో మసకగా కనిపిస్తోందంటే హ్యాండిల్ బాగా వణుకుతున్నట్టే. నా బండికి అది 68 నుంచి 74 మధ్య. 62లో వెళ్తే అద్దంలో లారీ నంబరు కూడా చదవొచ్చు. ఒంగోలు దాకా ఆ తేడా వల్ల పావుగంటో ఇరవై నిమిషాలో పోతుంది. పోనివ్వండి.

యడ్లపాడు: ఏ వేలు మొద్దుబారింది?

గుంటూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా పత్తి, మిర్చి. ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్తే కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఎర్ర దుప్పటి పరిచినట్టు ఉంటుంది. హెల్మెట్ అద్దం తీస్తే ఘాటుకి తుమ్ములు. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. గుంటూరు యార్డుకి టిక్కీలు ఎక్కించుకుని వెళ్లే లారీలు ఈ దారి నిండా ఉంటాయి.

అలాంటి ఒక లారీ వెనకే జరిగింది. ముందు దాని బ్రేక్ లైట్లు వెలిగాయి. నేనూ ముందు బ్రేకు మీదకి వేళ్లు వేశాను. వేళ్లు లివర్ మీద పడ్డాయో లేదో తెలియలేదు. కిందకి చూసుకోవాల్సి వచ్చింది. బండి ఆగింది, ఏమీ కాలేదు. కానీ చూసుకోవడానికి పట్టిన ఆ ఒక్క సెకనులో 70 స్పీడు మీద ఉన్న బండి 19 మీటర్లకి పైగా వెళ్తుంది. చెయ్యి మొద్దుబారడం ఒళ్లునొప్పుల్లో కలిపేసే విషయం కాదని నాకు తెలిసింది ఆ 19 మీటర్లలోనే.

అక్కడే చెట్టు కింద టీ బండి దగ్గర ఆగాను. కోతకి వచ్చిన ఆడవాళ్లు చేతులకి నూనె రాసుకుంటున్నారు. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెయ్యి విదిలిస్తుంటే ఒక పెద్దావిడ చూసి, "ఏం నాయనా, నీక్కూడా మంటా?" అంది. తిమ్మిరమ్మా అన్నాను. "మాకు మంట తెలుస్తా ఉంటది. నీకు ఏమీ తెలవకపోతే ఎట్టా, బండి తోలేవాడివి?" అంది. డాక్టర్ ఇంతకంటే సూటిగా చెప్పలేడు.

తర్వాత డాక్టర్ చెప్పింది, మీకూ పనికొస్తుంది. ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో ముందు గమనించాలి. మణికట్టులో ఒక ఇరుకు సొరంగం ఉంటుంది. వేళ్లని ముడిచే 9 స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం దాన్లోంచే వెళ్తాయి. మణికట్టు బాగా వంచి, గట్టిగా పట్టుకుంటే అక్కడ ఒత్తిడి పెరిగి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం అయితే అది అల్నార్ నరం. అరచేతి మడమని హ్యాండిల్‌కి ఆనించి బరువంతా దాని మీద వేస్తే అది నలుగుతుంది. సైకిల్ మీద దూరాలు తొక్కేవాళ్లకి ఇది బాగా పరిచయం.

ఏ చెయ్యి అన్నది కూడా ముఖ్యం. హైవే మీద కుడి చెయ్యి, ఎందుకంటే యాక్సిలరేటర్ వదలడానికి ఉండదు. ఊళ్లో ట్రాఫిక్‌లో ఎడమ చెయ్యి, క్లచ్ వల్ల. మెడ నొప్పితో పాటు చెయ్యంతా జివ్వుమంటే సమస్య మణికట్టులో కాకుండా మెడలో ఉండొచ్చు.

చిలకలూరిపేట: మెకానిక్ అన్న చెప్పినవి

పేటలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బండి స్టాండ్ వేసి, "ఎక్కి కూర్చో తమ్ముడూ, రోజూ తోలినట్టే పట్టుకో" అన్నాడు. పక్కనుంచి చూసి చేసిన పనులు ఇవి. పెద్ద ఖర్చేమీ కాలేదు.

మొదటిది లివర్లు. బ్రేకు, క్లచ్ లివర్లు మరీ పైకి ఉన్నాయి. వాటి మీద వేళ్లు వేయాలంటే మణికట్టు వెనక్కి విరగాలి. బోల్టు వదులు చేసి కిందకి తిప్పాడు. ఇప్పుడు మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉంది. రెండు నిమిషాల పని. సగం తేడా దీనివల్లే.

రెండోది క్లచ్ వైరు. ఎండిపోయి బిగుసుకుంది. ఆయిల్ వేసి, ఫ్రీ ప్లే కంపెనీ చెప్పినంత ఉంచాడు. పేట సెంటర్లో వందసార్లు క్లచ్ నొక్కే చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

మూడోది బోల్టులు. ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేవి, హ్యాండిల్‌ని పట్టి ఉంచేవి. ఒక్కటి వదులైనా వణుకు పెరుగుతుంది. చెయిన్ మరీ బిగువుగా, మరీ వదులుగా ఉన్నా, టైర్లలో గాలి ఎక్కువైనా అంతే.

నాలుగోది హ్యాండిల్ చివర్లలో ఉండే బరువులు. షోకు కోసమని చాలామంది వాటిని పీకేస్తారు. హ్యాండిల్ వణుకుని తగ్గించడానికే అవి అక్కడ ఉన్నాయి. అరిగిపోయి గట్టిపడిన గ్రిప్పులు మార్చి మెత్తటివి వేయించుకోవచ్చు. అయితే మరీ లావుగా ఉంటే పట్టుకోవడానికి ఇంకా గట్టిగా పిడికిలి బిగించాలి, లాభం లేదు. గ్లౌజులకీ ఇదే లెక్క.

అన్నీ అయ్యాక నా చేతుల వైపు చూసి నవ్వాడు. "ఏ ఊరు మనది? మంగళగిరి కదా. పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగం వదిలేస్తాడంట. నువ్వూ పట్టులో సగం వదిలెయ్ తమ్ముడూ" అన్నాడు. నిజంగానే గట్టిగా పట్టుకున్నకొద్దీ వణుకు చేతిలోకి ఎక్కువ వస్తుంది. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుని, మోచేతులు కొంచెం వదులుగా మడిచి, ఒంటి బరువు నడుము మీద ఉంచితే చేతులకి మిగిలేది బండిని నడిపించే పని ఒక్కటే. చీరల మూట కూడా వీపుకి తగిలించుకోకుండా సీటు మీద కట్టుకోమన్నాడు.

మార్టూరు: రాయి కోసే చేతులు

పేట దాటి మార్టూరు వైపు వెళ్తుంటే పత్తి చేల మధ్య గ్రానైట్ ఫ్యాక్టరీలు మొదలవుతాయి. ఇంకా కిందకి, ఒంగోలు పక్కన చీమకుర్తి ఉంది. నల్లరాతిలో నక్షత్రాలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకి వెళ్లేది అక్కడి నుంచే.

వణుకు చేతుల్ని ఏం చేస్తుందో ప్రపంచానికి చెప్పింది కూడా రాయి కోసేవాళ్లే. అమెరికాలో ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్ దగ్గర సున్నపురాయి క్వారీలు ఉన్నాయి. గాలితో నడిచే సుత్తులు వచ్చాక అక్కడి పనివాళ్ల వేళ్లు చలికి తెల్లగా పాలిపోయి మొద్దుబారేవి. 1918లో ఆలిస్ హ్యామిల్టన్ అనే డాక్టర్ వెళ్లి వాళ్లని పరీక్షించి, తప్పు ఆ పనిముట్టుదేనని తేల్చింది. మరుసటి ఏడాది హార్వర్డ్ యూనివర్సిటీలో తొలి మహిళా అధ్యాపకురాలు అయ్యింది ఆవిడే. ఈరోజు యూరప్‌లో దీనికి చట్టమే ఉంది. 8 గంటల పని రోజుకి చేతికి అందే వణుకు సగటున 2.5 దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. లెక్క సెకనుకి, సెకనుకి మీటర్లలో.

మన దగ్గర రోజంతా బైకు మీదే ఉండే డెలివరీ కుర్రాళ్లు, మెడికల్ రెప్‌లు, నాలాంటి మూటలవాళ్లు ఎంతమంది! వాళ్ల చేతులు ఎంత వణుకు తిన్నాయో రాసుకునేవాళ్లు ఎవరూ లేరు. ఎవరి చెయ్యి లెక్క వాళ్లే చూసుకోవాలి. నేను ప్రతి ముప్పావుగంటకి బండి ఆపుతాను. చెయ్యి ముందుకి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, ఇంకో చేత్తో వేళ్లని మెల్లగా కిందకి లాగి పది అంకెలు లెక్కపెడతాను. పిడికిలి ముడిచి తెరుస్తాను, భుజాలు తిప్పుతాను. అంతా రెండు నిమిషాలు.

ఒంగోలు: ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

మేదరమెట్ల దాటి ఒంగోలు చేరేసరికి ఇప్పుడు నా చేతికి తిమ్మిరి లేదు. అయినా డాక్టర్‌కి చూపించుకున్నాను, పెదనాన్న చెయ్యి చూశాక ఊరుకోలేక. మణికట్టు మీద వేలితో తట్టి చూశాడు. రెండు చేతుల వెనక భాగాలు ఆనించి మణికట్లు వంచి ఒక నిమిషం ఉండమన్నాడు. నాది ఇంకా తొలిదశే అన్నాడు. రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకోమన్నాడు. షుగర్, థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా రాశాడు, అవి తేడాగా ఉన్నా చేతులు తిమ్మిరెక్కుతాయి.

ఆయన చెప్పిన గుర్తులు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బండి దిగి గంటైనా తిమ్మిరి పోకపోవడం. రాత్రి తిమ్మిరితో మెలకువ రావడం. చేతిలోంచి గ్లాసు, తాళాలు జారిపోవడం. బొటనవేలి కింద కండ పల్చబడటం. వీటిలో ఏది ఉన్నా హ్యాండిల్ మార్చడం, గ్లౌజులు కొనడం పక్కనపెట్టి డాక్టర్‌ని కలవాలి. అవసరమైతే నరం పరీక్ష చేస్తారు. మంగళగిరి వాళ్లకి ఊళ్లోనే ఎయిమ్స్ ఉంది.

ఆ స్ప్లింట్ చూసి పెదనాన్న, "ఇదేదో నాకూ అప్పట్లో కట్టి ఉంటే?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. వచ్చే సోమవారం ఆయన్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. పోయిన కండ తిరిగి రాకపోవచ్చు గానీ, రాత్రి నిద్రైనా పడితే చాలంటున్నాడు. బైకు మీద వద్దన్నాను. ఇద్దరం బస్సులోనే వెళ్తాం.