బేర్ సరాయ్: పుస్తకాల వీధిలో కండబలం

దక్షిణ ఢిల్లీలో, ఐ.ఐ.టి.కీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణానికీ చేరువలో, చుట్టూ పెరిగిన మహానగరం మధ్య ఇరుకుగా సర్దుకొని కూర్చున్న ఒక పల్లె ఉన్నది. దాని పేరు బేర్ సరాయ్. హిందీలో ‘బేర్’ అంటే రేగు. ‘సరాయ్’ అంటే బాటసారుల సత్రం. ఆ పేరులోని సత్రం లక్షణం నేటికీ చెక్కుచెదరలేదు. ఇక్కడి గదులలో తలదాచుకునే యువకులలో అధికులు రెండు మూడేళ్లుండి, పరీక్షలు వ్రాసి, గెలిచో ఓడో వెళ్లిపోయేవారే.

సందులోకి అడుగు పెట్టగానే పుస్తకాల దుకాణాలు ఎదురవుతాయి. సివిల్ సర్వీసు పరీక్షల గ్రంథాలు, చేతులు మారిన పాత పుస్తకాలు, జిరాక్సు తీసిన నోట్సుల దొంతరలు గుమ్మాల దాకా పేర్చి ఉంటాయి. పైన అంతస్తు మీద అంతస్తుగా లేచిన సన్నని ఇళ్లు. ఒక్కొక్క గదిలో ఒక మంచం, ఒక బల్ల, నీళ్లు కాచుకునే కరెంటు కెటిల్. శ్రీకాకుళం మొదలు ఆదిలాబాదు వరకు తెలుగు జిల్లాల నుండి వచ్చినవారూ ఈ గదులలో ఉంటారు.

పగలంతా కుర్చీకి అతుక్కుపోయిన శరీరానికి సాయంకాలం కాస్త కదలిక కావాలి. అందుకే ఈ పరిసరాలలోని చిన్న చిన్న వ్యాయామశాలలలో పొద్దుగూకే వేళకు ఇనుప బరువుల చప్పుడు మొదలవుతుంది. బరువులెత్తే ఈ యువకులలో మాంసం, గుడ్డు ముట్టనివారు తక్కువేమీ కారు. వారిని పీడించే సందేహాలు రెండు: పప్పన్నంతో కండ పడుతుందా? బరువులెత్తిన అరగంటలో మాంసకృత్తుల పానీయం త్రాగకపోతే శ్రమ వ్యర్థమేనా? ఈ రెండవ భయమే పొడి డబ్బాలను అమ్ముతుంది. ఇంటి నుండి వచ్చే మనియార్డరు వంటి కొద్దిపాటి సొమ్ముతో నెల గడుపుకునే విద్యార్థికి ఒక్క డబ్బా కొనడమంటే కొన్ని పూటల భోజనం తగ్గించుకోవడమే.

ఈ సందేహాలకు సమాధానం వెదికితే దారి హైదరాబాదుకు చేరుతుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై చిన్న కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందిన సంస్థ అది. సాధారణ వయోజనునికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని 2020లో నిర్దేశించారు. అరవై కిలోల యువకునికి ఇది సుమారు 50 గ్రాములు. బరువులెత్తేవానికి ఇంతకన్న ఎక్కువ కావాలి. 49 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2018లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటిన తరువాత కండ పెరుగుదలలో అదనపు లాభం అంతగా కనబడలేదు. అరవై కిలోలకు ఆ లెక్క 96 గ్రాములు.

ఇక గడియారం సంగతి. వ్యాయామం ముగిసిన వెంటనే తినడం వలన ప్రత్యేక లాభమున్నదా అన్న ప్రశ్నను 2013లో మరొక పరిశీలన తరచి చూచింది. రోజు మొత్తం మీద తిన్న మాంసకృత్తులు సమానంగా ఉన్నప్పుడు, ఆ తొందర వలన కలిగే తేడా దాదాపు మాయమైపోయింది. బరువులెత్తిన తరువాత కండరాల నిర్మాణం అరగంటతో ఆగదు. ఒక రోజంతా, అంతకు మించి కూడా కొనసాగుతుంది. తెల్లవారుజామున పరగడుపున వ్యాయామం చేసేవారు మాత్రం మధ్యాహ్నం దాకా పస్తుండక త్వరగా ఏదైనా తినడం మంచిది. తక్కినవారు నాలుగు పూటలకూ సమంగా పంచుకొని తింటే చాలును.

ఆ 96 గ్రాములు బేర్ సరాయ్ సందులలో దొరుకుతాయా? లెక్క వేసి చూడవచ్చును. అర లీటరు పాల ప్యాకెట్‌లో 15 గ్రాములు. కిరాణా కొట్టులో దొరికే వేయించిన శనగలు 50 గ్రాములు తీసుకుంటే 10 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల పిండితో చేసిన రొట్టెలు, 40 గ్రాముల పప్పు, 200 గ్రాముల పెరుగు కలిస్తే 27 గ్రాములు. సాయంకాలం 50 గ్రాముల మీల్ మేకర్ అంటే 26 గ్రాములు. దీనికి పొయ్యి కూడా అక్కరలేదు. కెటిల్‌లో కాగిన నీటిలో నానబెట్టి, పిండి, ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలుపుకుంటే చాలును. రాత్రికి ఢిల్లీవాసులకు ప్రియమైన రాజ్మా అన్నం: 50 గ్రాముల రాజ్మా గింజలకు, 100 గ్రాముల బియ్యానికి కలిపి 18 గ్రాములు. మొత్తం 96.

శాకాహారంలో ఒక చిక్కు లేకపోలేదు. బియ్యం, గోధుమలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరత. పప్పులలో మెథియోనిన్ కొరత. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. రెంటినీ ఒకే పూట కలపాలన్న నియమం కూడా లేదు. ఒకే రోజులో తింటే సరిపోతుంది. బి12 విటమిన్ మాత్రం మొక్కలలో దొరకదు గనుక పాలు, పెరుగు మానరాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు. కండలకోసం పొడుల మీద ఆధారపడవద్దని హైదరాబాదు సంస్థ 2024 మార్గదర్శకాలలో హెచ్చరించింది కూడా.

తెలుగువారికి ఈ విషయంలో పాత సాక్ష్యమొకటి ఉన్నది. ఛాతీ మీద ఏనుగును నిలిపి, ఉక్కు గొలుసులను తెంచి ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనిపించుకున్న వీరఘట్టం వీరుడు కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారిగా ప్రసిద్ధుడు. అంతటి బలం అందరికీ అబ్బకపోవచ్చు. సాధన, వారసత్వం, విశ్రాంతి కూడా అందులో పాలు పంచుకుంటాయి. కాని బేర్ సరాయ్ గదిలో అర్ధరాత్రి దాకా చదివే యువకుడు తన బలానికి డబ్బా లేదని దిగులు పడనక్కరలేదు. పూట తప్పకుండా తిని, తగినంత నిద్రపోతే, కిరాణా కొట్టులోని శనగలూ పప్పులే అతని కండకు అండ.