బండను పగలగొట్టని ఇల్లు



మన బెల్లంపల్లి ప్రాంతంలో కాన్సరు జబ్బు సోకిన ఇంటివారికి హైదరాబాదులో ఎం.ఎన్.జె. దవాఖానా తెలియకుండా ఉండదు. మా సంఘంలోని ఒక తల్లికి కరెంటు పెట్టించడానికి కొన్ని వారాలపాటు నేను కూడా ఆమె కుమారునితో అక్కడికి తిరిగాను. (దేవునికి స్తోత్రం, ఆమె ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నారు.) ఒకనాడు చీటీ కోసం నిలబడి ఉండగా ఆ అబ్బాయి, "అయ్యగారూ, ఎం.ఎన్.జె. అంటే ఏంది?" అని అడిగాడు.

అది ఒక మనిషి పేరు. మెహదీ నవాజ్ జంగ్. నిజాము కొలువులో పెద్ద ఉద్యోగి, తరువాత 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొదటి గవర్నరు. 1955లో మొదలైన ఆ దవాఖానా నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. అయితే నేను మీకు చెప్పదలచుకున్నది దవాఖానా గురించి కాదు, ఆయన కట్టుకున్న ఇంటి గురించి.

1908 సెప్టెంబరులో మూసీ నదికి వరద వచ్చి హైదరాబాదులో వేలమంది కొట్టుకొనిపోయారు. వెనుకనే ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీలలో ఇక బ్రతకలేమని జనం ఊరి వెలుపలికి చూడసాగారు. ప్రభుత్వం కూడా 1912లో నగరాన్ని బాగుచేసే బోర్డు ఒకటి పెట్టి కొత్త పేటలు వేయించింది. కలిగినవారు ఖాళీ స్థలాలలో బంగళాలు కట్టుకున్నారు. కాని ఊరికి పడమట ఉన్న గుట్టల వైపు మాత్రం ఎవరూ పోలేదు. అక్కడ ఏమున్నది గనుక? ఏనుగులంత బండలు, ముళ్ళ పొదలు, నడుమ లంబాడీల తండాలు.

1930 ప్రాంతంలో మెహదీ నవాజ్ జంగ్ అక్కడికే పోయి ఇల్లు కట్టారు. తండావారి పేరునే తన ఇంటికి పెట్టుకొని బంజారా భవన్ అన్నారు. ఆ గుట్టలకు కూడా బంజారాహిల్స్ అన్న పేరు నిలిచింది. ఈ రోజు అక్కడ గజం స్థలం కొనాలంటే మనవంటివారి జీవితకాలపు సంపాదన చాలదు. ఆ పేరు గొర్రెలు, ఎడ్లు తోలుకొని తిరిగిన పేదలదని అక్కడ కాపురముండే వారిలో ఎందరికి తెలుసో!

ఆ ఇంటి విశేషమంతా కట్టడంలోనే ఉన్నది. ఇల్లు కట్టాలంటే ముందు నేల చదును చేస్తాము, అడ్డం వచ్చిన బండను పేలుస్తాము. ఆయన ఆ పని చేయించలేదు. బండలు ఎక్కడివక్కడే ఉండగా వాటి నడుమనుండి ఇంటిని నడిపించారు. గుహలాంటి సందులు గదులైనాయి. బండలు గదుల లోపలికే వచ్చి నిలిచాయి. గుట్ట ఎంత వాలితే ఇల్లు అంత వాలింది. బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని ఉపమానం మన సండేస్కూలు పిల్లలందరికీ వచ్చు. అందులో బండ ఇంటి క్రింద ఉంటుంది, ఇక్కడ ఇంటి మధ్యలో ఉన్నది. 1933లో రవీంద్రనాథ్ టాగూరు హైదరాబాదు వచ్చినప్పుడు మెహదీ నవాజ్ జంగ్ అతిథిగా ఉండి, ఆ గుట్టల అందం చూచి కోహ్‌సార్ అనే కవిత వ్రాశారు.

అదే కాలంలో ఇక్కడ మన తాతలు ఏమి చేస్తున్నారు? 1920ల చివరిలో బెల్లంపల్లి వైపు బొగ్గు తవ్వకం మొదలైంది. 1929 నాటికి కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలుదారి కలిసింది. అక్కడ ఒకాయన బండను ముట్టకుండా ఇల్లు కట్టుకుంటుంటే ఇక్కడ మనవారు తూటాలు పెట్టి బండను పగలగొట్టి పొట్ట పోసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. ఆ బొగ్గే మన పిల్లలను చదివించింది. అయితే పగిలిన బండ మళ్ళీ అతకదన్న సంగతి గనిలో దిగినవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం మన బొగ్గు వయస్సు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. హైదరాబాదు రాతి వయస్సు దానికి పదింతలు, అంటే దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అటువంటి రాళ్ళను ఇళ్ళ కోసం వరుసగా పేలుస్తూ పోతే, చూడలేక 1996లో కొందరు వాటిని కాపాడేందుకు ఒక సంఘంగా కూడారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, కరీంనగర్ వైపు ఒక పల్లెలో మన విశ్వాసులు మందిరం కట్టబోతున్నారు. స్థలం మూలన పెద్ద బండ ఒకటి ఉన్నది. మందిరం లేని రోజులలో నాట్లకు, కోతలకు పోయి వచ్చే ఆడవారు దాని నీడనే కూర్చొని ప్రార్థన చేసుకునేవారు. ఆ సంఘం పుట్టింది అక్కడే. గుత్తేదారేమో, "రెండు పూటల్ల తీసేస్త అయ్యగారూ, హాలు చక్కగ చదరంగ వస్తది" అంటాడు. యువకులకు ఆ మాట నచ్చింది. వారిని నేను తప్పుపట్టను. కుర్చీలు పట్టాలి, పెండ్లిండ్లు జరగాలి, పదిమంది కూర్చునే చోటు పోతుందంటే ఎవరికైనా బాధే.

నన్ను అడిగినప్పుడు నేను ఈ ఇంటి సంగతి వారికి చెప్పాను. ముసలి మేస్త్రి ఒకాయన శ్రద్ధగా విని, నవాబు ఇంటి గొప్పలు విడిచిపెట్టి అసలు చిక్కు అడిగాడు: "వాన పడితే నీళ్ళు బండ మీదికెళ్ళి జారి గోడ సందుల దిగుతయి గద, దానికేం జేసిండ్రు?" తరువాత జవాబు కూడా తానే చెప్పాడు. గోడ కలిసే చోటికి జానెడు పైన బండకు అడ్డంగా సన్నని కాలువ చెక్కి నీళ్ళను ప్రక్కకు మళ్ళించాలట. సందును ఉత్త సిమెంటుతో పూడిస్తే ఎండకు పగులుతుంది గనుక డంగు సున్నం కలపాలట. బండను నీడలో ఉంచితే లోపల చల్లగా ఉంటుంది, ఎండకు వదిలితే రాత్రంతా సెగ కొడుతుంది గనుక రేకులు దాని మీదుగా ముందుకు దించాలన్నాడు.

"గట్లైతే ఎందరికి జాగ పోతది మామా?" అని ఒక యువకుడు అడిగాడు. మేస్త్రి తాడు తీసుకొని, బండ చుట్టూ తిరిగి, మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు.