గంగలో విడిచిన చీర

త్ర్యంబకంలో గౌతమీనామధేయంతో ఆవిర్భవించిన గోదావరి మహారాష్ట్రభూమిని దాటి తెలంగాణలో తొలి అడుగు పెట్టేది కందకుర్తి వద్ద. రెంజల్ మండలంలోని ఆ గ్రామంలోనే బాలాఘాట్ కొండల బిడ్డ అయిన మంజీర వచ్చి ఆమెను కలుస్తుంది. హరిద్ర అనే చిన్న నది కూడా అక్కడే చేరుతుందని చెప్పి ఆ స్థలాన్ని త్రివేణీసంగమమని పిలుస్తారు. పసుపు పండే సీమలో నదికి హరిద్ర అనే పేరుండడం ఎంత సహజం! ఆ ప్రాంతపు జనులు గోదావరిని గోదావరి అనరు, గంగ అంటారు. "గంగకు పోయొస్తిమి" అంటే కాశీకి వెళ్లి వచ్చినట్టు కాదు, సంగమంలో మునిగి వచ్చినట్టు.

2022 వైశాఖమాసంలో ఒక ప్రాతఃకాలాన ఆ సంగమతీరానికి ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు తన తల్లి అస్థులతో వచ్చాడు. ఆయనది అదే మండలంలోని ఒక చిన్న ఊరు. ముప్పది సంవత్సరాలకు పైగా బడిలో శబ్దమంజరి వల్లె వేయించి, సాయంకాలాలలో గ్రామదేవాలయపు అరుగు మీద గీతాప్రవచనం చేసినవాడు. తల్లికి చివరి కోరిక ఒక్కటే ఉండేది. తన కూతురు పెళ్లినాడు కట్టుకున్న ఆకుపచ్చ పట్టుచీరను కూడా తనతోపాటు గంగకు ఇమ్మని.

గ్రీష్మంలో అక్కడ నది నది వలె ఉండదు. ఇసుకతిన్నెల నడుమ మడుగులు మడుగులుగా నీరు నిలుస్తుంది. వర్షర్తువులో మునిగిపోయే నదీగర్భంలోని పురాతన శివాలయం అప్పుడు పాదాల వరకు బయటపడి నిలుస్తుంది. ఎగువన బాబ్లీ ఆనకట్ట తలుపులు జులై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలని 2013లో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. మార్చి 1న 0.6 టి.ఎం.సి.ల నీరు వదలాలని కూడా చెప్పింది. మిగిలిన మాసాలలో సంగమానికి ఎంత గంగ దక్కుతుందన్నది రెండు రాష్ట్రాల లెక్క. భగీరథుడు ఒక్క శివుని మెప్పిస్తే సరిపోయింది.

పురోహితుడు చెప్పిన విధిని ఆయన శ్రద్ధతో ఆచరించాడు. అస్థులు నీటిలో కలిశాయి. తిలోదకాలు విడిచాడు. పువ్వులను, పసుపుకుంకుమల పొట్లాలను, వాటిని తెచ్చిన ప్లాస్టిక్ కవరును, చివరకు తల్లి చీరను నీటిలో వదిలి నమస్కరించి వెనుకకు తిరిగాడు. తిరిగి చూడరాదన్నది ఆచారం. కాని నీటిలో కర్ర కదిలిన చప్పుడు విని ఆయన తిరిగి చూశాడు.

చీర ఎక్కడికీ పోలేదు. ప్రవాహం లేని మడుగులో అది విప్పారి, పాత పంచెల నడుమ, పగిలిన కొబ్బరిచిప్పల నడుమ తేలుతున్నది. ఒక పారిశుద్ధ్య కార్మికురాలు కొక్కెపు కర్రతో దానిని ఒడ్డుకు లాగుతున్నది.

ఆయన గుండె ఝల్లుమన్నది. "అది మా అమ్మదమ్మా! గంగకు ఇచ్చిన. ఎందుకు తీస్తున్నవు?"

ఆమె కర్ర ఆపింది. "గంగ గిప్పుడు పారుతలేదు గద సారూ. యాడ ఏసింది ఆడ్నే ఉంటది. నీళ్లొచ్చినంక పోయి మోటర్లకు చుట్టుకుంటది. రేపైనా తీసేది మేమే."

కొంతసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తరువాత ఆమె ఆ చీరను తట్టలో వేయలేదు. పిండి, దులిపి, ఒక బండ మీద మడతపెట్టింది. తాను కట్టుకున్న వెలిసిన నీలిచీర కొంగు చూపి, "గిది మా అమ్మదే సారూ. నేనింక కట్టుకుంటున్న" అన్నది.

ఆ మాటలో తర్కమేమీ లేదు, నింద కూడా లేదు. అయినా ముప్పది ఏండ్ల ప్రవచనం ఆ బండ మీద తడిసి ముద్దయి కూర్చున్నట్టు ఆయనకు తోచింది. ఆయన తడిచీరను తీసుకొని, నీటిలోకి దిగి తాను వదిలిన కవరును కూడా వెదకి తీసి, ఇంటికి తిరిగి వచ్చాడు.

ఇంట్లో అక్క అగ్గి మీద గుగ్గిలమయింది. "తమ్మీ, గంగకిచ్చింది మళ్ల ఇంట్లకు తెస్తరా? అమ్మ ఒక్క కోరిక కోరితే అది సుత తీర్చలేకపోతివి!" ఆమె పదిరోజులు తమ్మునితో సరిగా మాట్లాడలేదు. చీర పెరటి దండెం మీద ఆరి, వెనుకగది పెట్టెలో చేరింది. ఆమె కోపం మూఢత్వమని కొట్టివేయడానికి వీలులేదు. కన్నతల్లి మాట అది. దుఃఖంలో ఉన్నవానికి విధి ఒక చేతికర్ర. దానిని లాగివేసినవాడు ఎంత సత్యం చెప్పినా క్రూరుడే అవుతాడు.

ఆ రాత్రులలో ఆయన తనకు కంఠస్థమైన గ్రంథాలనే మరల తెరిచాడు. త్యాగానికీ పారవేయడానికీ భేదమేమిటి? ఈశావాస్యం మొదటి మంత్రంలోనే త్యాగంతో అనుభవించమని బోధించింది. త్యజించిన వస్తువు వేరొకని వీపు మీద బరువై పడినప్పుడు, త్యజించినవాడు మమకారాన్ని విడిచాడా, బాధ్యతను విడిచాడా? గీత తృతీయాధ్యాయంలో భగవానుడు చెప్పిన యజ్ఞచక్రంలో అన్నం వల్ల ప్రాణులు, వర్షం వల్ల అన్నం, యజ్ఞం వల్ల వర్షం కలుగుతాయి. ఆ చక్రాన్ని త్రిప్పనివాని బ్రతుకు వ్యర్థమని కూడా ఆయన అన్నాడు. ఈ శ్లోకాలను ఆ ఉపాధ్యాయుడు వందసార్లు వ్యాఖ్యానించి ఉంటాడు. చక్రం ఎక్కడ ఆగుతున్నదో మాత్రం కొక్కెపు కర్ర చూపించింది. మనుస్మృతి చతుర్థాధ్యాయంలో స్నాతకునికి చెప్పిన నియమాలలో జలంలో మలమూత్రాలు, ఉమ్మి, అపవిత్రవస్తువులు విడువరాదని ఉన్నది. నదికి హారతి ఇవ్వమని చెప్పేవారు ఎందరో ఉన్నారు కాని ఈ నియమాన్ని గుర్తు చేసేవారు అరుదు.

ఆయనను ఎక్కువగా పట్టుకున్న పదం మరొకటి, ఇష్టాపూర్తం. యజ్ఞం, అగ్నిహోత్రం మొదలైనవి ఇష్టం. బావి, దిగుడుబావి, చెరువు, తోట, దేవాలయం, అన్నదానం పూర్తం. ఇష్టం ఒకని అగ్ని ముందు జరుగుతుంది, పూర్తం అందరి నడుమ జరుగుతుంది. కాకతీయుల కాలంలో రాజు, సామంతుడు, వర్తకుడు చెరువు త్రవ్వించి శాసనం వేయించుకున్నది ఈ పూర్తధర్మానికే. మరి నేడు ఆ ధర్మానికి కర్త ఎవరు? 1992లో జరిగిన డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలును చేర్చి 29 విషయాలను పంచాయతీల పరిధిలోనికి చూపింది. అందులో త్రాగునీరు, చిన్ననీటి పారుదల, సామాజిక వనాలు, పారిశుద్ధ్యం, సామూహిక ఆస్తుల రక్షణ ఉన్నాయి. పూర్వులు పూర్తమన్నదానిలో అధికభాగం ఆ జాబితాలోనే కనబడుతుంది. గ్రామపంచాయతీ కార్యాలయాన్ని రశీదులిచ్చే చోటుగా మాత్రమే చూసిన ఆయనకు అది పూర్తధర్మపు వారసురాలుగా కనబడసాగింది.

జూన్ నెలలో అయిదవ విడత పల్లెప్రగతి వచ్చింది. ఊరిలో గ్రామసభ కూడింది. ఆయన ఎన్నడూ గ్రామసభకు వెళ్లినవాడు కాడు, ఆనాడు వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఊరి పచ్చదనం వట్టి సంకల్పం కాక విధి అయింది. నిధులలో పదవ వంతు హరితనిధి. నాటిన నూరు మొక్కలలో 85 బ్రతకాలి, బ్రతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలి. ఊరూరా ట్రాక్టరు, నర్సరీ, చెత్త వేరుచేసే షెడ్డు, వైకుంఠధామం ఏర్పడ్డాయి. పదిహేనవ ఆర్థిక సంఘం నిధులలో 60 శాతం పారిశుద్ధ్యానికీ, త్రాగునీరు, వాననీటి సేకరణలకే ఖర్చు కావాలన్న నిబంధన అప్పుడు ఉండేది. అంటే ధనం, సాధనం, శాసనం మూడూ ఉన్నాయి. అయినా ఊరి చెరువు కట్ట దిగువన దీపపు కుందులు, ఫొటోల అద్దాలు, పూలదండల దారాలు, నిరుటి వినాయకుని ఇనుప చువ్వలు కుప్పగా పడి ఉన్నాయి. షెడ్డు కట్టడం ఒక మాసం పని. తడిచెత్తను పొడిచెత్తతో కలపకుండా ఇంటి గడపలోనే ఆపడం ప్రతి ఉదయపు అనుష్ఠానం.

ఉపాధ్యాయుడు లేచి రెండు విషయాలు అడిగాడు. దేవకార్యాల, పితృకార్యాల శేషద్రవ్యాలకు చెరువు వద్ద వేరుగా ఒక గుంత, బట్టలకు ఒక పెట్టె ఉండాలి. వినాయక నిమజ్జనానికి చెరువు కాక వేరే తొట్టి కావాలి.

వెంటనే ఒక పెద్దమనిషి లేచాడు. "దేవుని పనికి గూడ పంచాయతి రూలా పంతులూ? మీరే గిట్లంటే ఎట్ల? మన ధర్మమే దొరికిందా వీళ్లకు?"

సభలో చాలామంది తలలూపారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. అధికారం శ్రద్ధ మీదికి నడిచి వచ్చినప్పుడు సమాజం అనుమానించడం న్యాయమే. ఆయన కౌటిల్యుని తీసుకున్నాడు. అర్థశాస్త్రం ద్వితీయాధికరణంలో నాగరికుని విధులు చెప్పిన అధ్యాయమున్నది. వీధిలో దుమ్ము పోసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, బురదనీటితో దారి ఆపినవానికి నాల్గవ వంతు, రాజమార్గంలో అయితే రెట్టింపు. మలవిసర్జన చేసినవానికి పుణ్యస్థలంలో ఒక పణంతో మొదలై, జలస్థానం, దేవాలయం, రాజగృహం అని దండం ఒక్కొక్క మెట్టు పెరుగుతుంది. మందు వల్ల, వ్యాధి వల్ల, భయం వల్ల జరిగితే దండం లేదు. "తీర్థాన్ని కాపాడటం రాజు పని అని మనవాళ్లే రాసిండ్రు. రాజు పోయిండు. ఇప్పుడు ఆ పని ఈ సభది" అన్నాడు.

పెద్దమనిషి ఒప్పుకోలేదు. కాని, "గుంత తవ్వుండ్రి, చూద్దాం" అని కూర్చున్నాడు. ఊరిలో చాలా తీర్మానాలు అంతటి అంగీకారంతోనే నెగ్గుతాయి.

జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువుల మీద దేశవ్యాప్త నిషేధం వచ్చింది. ఆయన దేవాలయపు అరుగు మీద గీతతోపాటు దానినీ చెప్పాడు. విన్నవారు కొందరు, నవ్వినవారు కొందరు. ఆగస్టు 31న వినాయకచవితి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను జలాశయాలలో వేయరాదని, స్థానికసంస్థలు కృత్రిమకుండాలు ఏర్పాటు చేయాలని కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి 2010లోనే సూచించి, 2020లో నియమాలను మరింత బిగించింది. పంచాయతీవారు కట్ట పక్కన గుంత త్రవ్వి, టార్పాలిన్ పరచి, ట్యాంకరుతో నింపారు. పిల్లలు చేసిన మట్టిగణపతులు అందులోనికే వచ్చాయి. రెండు పెద్ద మండపాలవారు మాత్రం బాజాలతో నేరుగా చెరువులోకే దిగారు. ఆయన ఒడ్డున నిలబడి చూశాడు, అడ్డుపడలేదు. మరునాడు ట్రాక్టరుతో చువ్వలు లాగినప్పుడు ఆ మండపాల యువకులే నలుగురు వచ్చి చేయి వేశారు.

ఆ తరువాత వచ్చిన బతుకమ్మకు ఏ నియమమూ అవసరం కాలేదు. తంగేడు, గునుగు, బంతి, పసుపుగౌరమ్మ చెరువునుండి పుట్టినట్టే చెరువులో కరిగిపోయాయి. తెలంగాణ స్త్రీలు ఏ మండలి సూచించకుండానే తరతరాలుగా చేస్తున్న నిమజ్జనమది. దానికి ఎవరూ పురస్కారమివ్వలేదు.

గుంతలో చేరిన పూలు, ఆకులు, కొబ్బరిపీచు ఎరువుగా మారడానికి కొన్ని మాసాలు పట్టింది. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలోని ముఖరా-కె పంచాయతీ తడిచెత్తను వానపాముల ఎరువుగా మార్చి అమ్మి, ఆ ఆదాయాన్ని ఊరి పనులకే వాడుకున్నది. ఆ ఊరి పేరు ఈ సభలోనూ వినబడింది. ఇక్కడ అంత జరగలేదు. రెండు బండ్ల ఎరువు వచ్చింది, అది నర్సరీకే సరిపోయింది. చెరువుమట్టికీ చేనుకూ ఉన్న బంధాన్ని ఈ ప్రాంతం ఎరుగనిది కాదు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ ఆరంభమయింది నాటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగర్ పాతచెరువు వద్దనే. పూడిక తీసిన నల్లమట్టిని రైతులు ట్రాక్టర్లతో తమ పొలాలకు తోలుకున్నారు. చెరువుకు భారమైనది చేనుకు బలమయింది. బట్టల పెట్టె సంగతి మాత్రం అంత సాఫీగా సాగలేదు. మృతుల వస్త్రాలను ఎవరు తాకాలన్నది ఎవరూ పైకి అనని ప్రశ్న. ఆ పెట్టె మూడు నెలలు ఖాళీగానే ఉన్నది.

2015 జులైలో గోదావరి పుష్కరాలకు పన్నెండు రోజులు కందకుర్తి జనసంద్రమయింది. బృహస్పతి మరల సింహరాశిని చేరే 2027లో మరల అవుతుంది. ఆ లోపల నది ఒడ్డున ఎన్ని కొక్కెపు కర్రలు అవసరమవుతాయో ఆయన కొన్నిసార్లు లెక్కవేసుకునేవాడు.

2023లో తల్లి సంవత్సరీకం వచ్చింది. ఉపాధ్యాయుడు ఇత్తడిచెంబు, ఆకుదొన్నెలు, గుడ్డసంచితో సంగమానికి వెళ్లి వచ్చాడు. నీలిచీర కార్మికురాలు ఆనాడు కనబడలేదు. వేరొక ఆమె ఉన్నది, ఆయన ఆమెకు కూడా నమస్కరించాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క వెనుకగదిలో ఉన్నది. పెట్టె తెరిచి ఉన్నది. నేల మీద ఒక కొత్త బొంత పరచి ఉన్నది. పాత నూలుచీరలు లోపల వేసి, పైన ఆకుపచ్చ పట్టుచీర కుట్టి, అంచును నాలుగు దిక్కులా త్రిప్పింది. ఎప్పుడు తీసిందో, ఎన్ని రాత్రులు కుట్టిందో తమ్మునికి తెలియదు. దాని మీద ఆమె మనుమరాలు, అయిదు నెలల పాప, పిడికిళ్లు బిగించి నిద్రపోతున్నది.

"చప్పుడు చెయ్యకు తమ్మీ" అన్నది అక్క.