మీటరు మరచిపోయిన లక్ష

మీ బండి ఇప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?

ఠక్కున చెప్పగలిగేవాళ్లు తక్కువే. పెట్రోలు ముల్లు మీద ఉన్న శ్రద్ధ దాని పక్కనే కదిలే అంకెల మీద ఉండదు. ముల్లు కిందికి జారితే బండి దారిలో నిలబెట్టేస్తుంది. మరి అంకెలు ఆగిపోతే? ఏమీ కాదు. కిక్కు కొడితే బండి లేస్తుంది, బ్రేకు పడుతుంది, హారన్ మోగుతుంది. అందుకే చెడిపోయినా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని భాగం బండిలో ఏదైనా ఉందంటే అది ఓడోమీటరే!

నిజామాబాద్ జిల్లా మోస్రాలో ఒక పెద్దాయనకు మాత్రం అది ఆగిపోవడం పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది.

ఆయన చక్కెర ఫ్యాక్టరీకి ఫీల్డ్‌మ్యాన్‌గా పనిచేశారు. ఏ రైతు ఎన్ని ఎకరాల్లో చెరకు వేశాడో రాసుకోవడం, తోటలోకి దిగి గడ రసాన్ని చేతి బ్రిక్స్ మీటరులో చూసి పక్వానికి వచ్చిందో లేదో తేల్చడం, కోత పర్మిట్లు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్న పంచాయితీలు తీర్చడం... ఇదీ ఉద్యోగం. నవంబరు, డిసెంబరుల్లో గానుగ మొదలైందంటే వేసవి ముంగిటి దాకా ఇంటిపట్టున ఉండే పనే లేదు. వర్ని, రుద్రూర్, కోటగిరి, బోధన్... బండి ఎక్కడుంటే ఆయన అక్కడ. పెట్రోలు ఖర్చు కిలోమీటర్ల లెక్కన వచ్చేది. కాబట్టి పొద్దున బయల్దేరేటప్పుడు ఒక అంకె, రాత్రి ఇంటికొచ్చాక ఒక అంకె నోటుబుక్కులో రాయాల్సిందే.

2009లో కొన్న వంద సీసీ బండి అది. మొదటి పేజీలో మొదటి అంకె: 4. షోరూమ్ నుంచి పెట్రోలు బంకు దాకా వచ్చిన దూరం అన్నమాట.

1937లో పుట్టిన నిజాం షుగర్స్ బోధన్ శక్కర్‌నగర్‌లో 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఊరి పేరులోనే శక్కర్ ఉంది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల చెరకు తగ్గిపోయింది, దాని చోట వరి నిలబడింది. పెద్దాయన ఉద్యోగమూ అప్పటితోనే సరి. ఖర్చు లెక్క అడిగేవాళ్లు లేకపోయినా నోటుబుక్కు మాత్రం ఆగలేదు. అలవాటు అలాంటిది. ఒకప్పుడు నెలకు పన్నెండు వందలు తిరిగిన బండి రెండు, మూడు వందలకు దిగింది. అంతే తేడా.

ఆ బండి మీటరులో ఐదు అంకెలే ఉన్నాయి. పక్కన ఎర్రగా ఉన్న ఆరోది కిలోమీటరులో పదోవంతు చూపిస్తుంది. 99,999 దాటితే ఏమవుతుంది? మళ్లీ సున్నాలే. 2017లో ఆ ముహూర్తం వచ్చింది. వర్ని నుంచి వస్తూ పెద్దాయన కాలువ గట్టు పక్కన వేగం తగ్గించి, మీటరు మీదే కన్నేసి నడిపారట. ఐదు తొమ్మిదులు ఒక్కసారిగా వణికి, సగం సగం పైకి లేచి, ఐదు సున్నాలయ్యాయి. బండి ఆపి నోటుబుక్కు తీసి రాసుకున్నారు: ‘1,00,000’. మీటరు మరచిపోయిన లక్ష ఆ పుస్తకంలో భద్రంగా ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు ఒక రోజు రాత్రి అంకె రాయబోతే, పొద్దున రాసినదే మళ్లీ కనబడింది: 18,640. వెనక్కి తిప్పి చూస్తే అంతకుముందు కొన్నాళ్ల నుంచీ అదే. పరధ్యానంగా ఎక్కించుకుంటూ పోయారు. ముల్లు మాత్రం చక్కగా నలభై, యాభై చూపిస్తోంది. అందుకే అనుమానం రాలేదు.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్లాలి. ఇలాంటి పాత మీటరుకు ప్రాణం ముందు చక్రంలో ఉంటుంది. చక్రం హబ్‌లో ఒక చిన్న మరచుట్ల పళ్ల చక్రం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని మీటరు వార్మ్ అంటారు. చక్రం తిరిగితే అది తిరుగుతుంది, అది కేబుల్ లోపలి తీగను తిప్పుతుంది, తీగ వెళ్లి మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ ఒక అల్యూమినియం గిన్నె. రెండూ తగలవు. అయినా అయస్కాంతం గిరగిరా తిరుగుతుంటే గిన్నె దాని వెంట పడబోతుంది, సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటే మనకు కనిపించే ముల్లు! జర్మనీకి చెందిన ఓటో షుల్జే 1902లో పేటెంటు తీసుకున్న కిటుకు ఇది. వందేళ్లు దాటినా మన పల్లె బండ్లలో ఇంకా పనిచేస్తోంది.

అంకెల సంగతి వేరు. అదే తీగ నుంచి చిన్న చిన్న పళ్ల చక్రాలు వేగాన్ని బాగా తగ్గించి అంకెల చక్రాలను తిప్పుతాయి. వంద సీసీ బండ్లకు మామూలుగా ఉండే పద్దెనిమిది అంగుళాల ముందు చక్రం కిలోమీటరుకు దాదాపు 530 చుట్లు తిరుగుతుంది. అన్ని చుట్లూ కలిసి కిలోమీటరు అంకెను ఒక్క మెట్టు జరుపుతాయి. ముల్లుకూ అంకెలకూ కేబుల్ ఒక్కటే, కాపురాలు వేరు. అందుకే ఒకటి చచ్చినా రెండోది బతికే ఉంటుంది.

మీ బండికి ఇలా జరిగితే కంగారుపడి మీటరు మార్చేయకండి. ముల్లూ అంకెలూ రెండూ ఆగితే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని. మీటరు దగ్గర దాన్ని విప్పి, బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ముందు చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. లోపలి తీగ తిరగకపోతే కేబుల్ తెగిందనో, వార్మ్ అరిగిందనో అర్థం. తిరిగితే జబ్బు మీటరులోనే. ముల్లు ఊగిసలాడుతుంటే చాలాసార్లు కేబుల్‌లో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. ముల్లు బాగుండి అంకెలే ఆగితే మాత్రం కేబుల్ మార్చినా లాభం లేదు. పెద్దాయన బండికి మొదట చేసింది మాత్రం అదే. ఊళ్లో ఒకాయన చెప్పాడని నూటయాభై పెట్టి కొత్త కేబుల్ వేయించారు. 18,640 కదల్లేదు.

నిజామాబాద్‌లో మెకానిక్ మీటరు విప్పి చూశాడు. లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయాయి. అది ఒక్కటే విడిగా దొరకదు.

“కాకా, కొత్త మీటర్ ఏస్తే సున్నా కాన్నుంచి మొదలైతది. లేదంటే పాత బండ్లది ఒకటున్నది, దాంట్ల ఇరవై రెండు వేలున్నది. నువ్వెంత చెప్తే అంత పెట్టియ్యనా? అమ్మేటప్పుడు మంచిగుంటది” అన్నాడు.

అతనిలో దొంగబుద్ధేమీ లేదు. రోజూ గిరాకీలు అడిగే మాటే అడిగాడు. పైగా పెద్దాయన బండిని నిజంగానే అమ్మబోతున్నారు. చూపు మందగించింది, రాత్రిపూట ఎదురు లైట్లు కొడితే రోడ్డు కనిపించడం లేదు. పదిహేనేళ్లు నిండాక రెన్యువల్ చేయించిన ఆర్సీ కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. పక్క గల్లీ కుర్రాడు నిజామాబాద్‌లో మందుల షాపులో పనికి కుదిరాడు. రోజూ పోయి రావడానికి బండి కావాలి. ఇరవై రెండు వేలకు మాట అనుకున్నారు. ఆ మాట అనుకున్నప్పుడు మీటరులో కనబడిన అంకె 18,640.

ఆ రాత్రి ఇంట్లో భార్య అడిగిన ప్రశ్నే ఈ కథకు అసలు ముడి. “మీటర్ల ఉన్న అంకె ఉన్నట్టు చెప్తే అబద్ధమెట్లయితది? మీరేమన్న తిప్పిన్రా? అదే తిరిగె. లక్ష ఎందుకు కలుపుతరు?”

నిజమే మరి. అంకెను వెనక్కి తిప్పడం మోసం అని అందరికీ తెలుసు. అమెరికా 1972లోనే చట్టం చేసి దాన్ని నిషేధించింది. బెల్జియంలో 2006 నుంచి కార్లకు ‘కార్‌పాస్’ అనే పద్ధతి ఉంది. సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ మీటరు అంకె నమోదవుతుంది, పాత కారు అమ్మేవాళ్లు ఆ చిట్టా కొనేవాళ్ల చేతిలో పెట్టాల్సిందే. కానీ మీటరే తనంతట తాను సున్నాకు వచ్చి, తర్వాత తనంతట తానే ఆగిపోతే? నోరు మూసుకుని కూర్చోవడం ఏ లెక్కలోకి వస్తుంది? ఈపీఎఫ్ పింఛను నెలకు రెండు వేల పైచిలుకు వచ్చే ఇంట్లో ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. ఆమె అడిగింది అత్యాశతో కాదు.

పెద్దాయన జవాబు చెప్పలేదు. మర్నాడు వెళ్లి కొత్త మీటరే వేయించారు, సున్నాతో. ఆ ముందు మరో పని ఉంది. అంకెలు ఆగిన రోజు నుంచి ఎంత తిరిగిందో తేల్చాలి. నిజామాబాద్‌కు ఎన్నిసార్లు, వర్నికి ఎన్నిసార్లు వెళ్లారో గుర్తుచేసుకుని, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ల లెక్కన కూడితే మూడు వందలు తేలింది. పుస్తకంలో రాశారు: ‘1,18,940. సుమారు.’ అన్నేళ్ల నోటుబుక్కుల్లో ‘సుమారు’ అన్న మాట రావడం అదే మొదటిసారి. అది ఆయనకు బొత్తిగా నచ్చలేదు.

దూరాన్ని చక్రం చుట్లతో కొలవడం ఇప్పటి ముచ్చట కాదు లెండి. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో రోమన్ ఇంజినీరు విట్రూవియస్ ఒక బండిని వర్ణించాడు. నాలుగు అడుగుల చక్రం నాలుగు వందల చుట్లు తిరిగితే ఒక మైలు. మైలుకో గులకరాయి డబ్బాలో పడుతుంది. ప్రయాణం ముగిశాక రాళ్లు లెక్కపెట్టుకోవడమే! ఈస్టిండియా కంపెనీ సర్వేయర్లు కూడా ‘పెరంబులేటర్’ అనే చక్రాన్ని దారుల వెంట దొర్లించి మన నేలను కొలిచారు. ఇప్పటి కొత్త బండ్లలో కేబుల్ లేదు. చక్రం దగ్గర సెన్సర్, తెర మీద వెలిగే అంకెలు. దాన్ని తిప్పలేరనుకుంటే పొరపాటే. పళ్ల చక్రానికి స్క్రూడ్రైవరు, చిప్‌కు కంప్యూటరు... అంతే తేడా. డబ్బా ఏదైనా గులకరాళ్లు తీసేసే చెయ్యి ఉంటుంది.

కుర్రాడూ వాళ్ల అమ్మా వచ్చిన రోజు పెద్దాయన సంగతంతా చెప్పారు. లక్ష అనేసరికి ఆమె మొహం మారిపోయింది.

“లక్షా పద్దెనిమిది వేలా! ఇంకెన్ని రోజులు నడుస్తదది?”

ఇంజన్ బోరు పని ఎప్పుడు చేయించారో, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు ఎప్పుడు మార్చారో పుస్తకం చూసి తారీఖులతో సహా చెప్పారు. ఆమె విన్నది. విని, వారం రోజులు మళ్లీ రాలేదు. ఈలోగా కుర్రాడు నిజామాబాద్‌లో ఇంకో రెండు బండ్లు చూశాడు. ఒకటి ఇరవై ఏడు వేలు తిరిగిందట, ఒకటి ముప్పై ఒకటట. రెండూ పెద్దాయన బండి వయసువే. ముప్పై ఒకటి చూపించిన బండి ఫుట్ రెస్ట్ రబ్బర్లు అరిగి ఇనుము తేలిందని, బ్రేకు పెడల్ నున్నగా మెరుస్తోందని వాడే వచ్చి చెప్పాడు. తెలివైనవాడే.

చివరికి పద్దెనిమిది వేలకు బేరం తెగింది. నాలుగు వేలు తగ్గింది. పెద్దాయన భార్య ఏమీ అనలేదు, ఆ పూట వంటింట్లోంచి బయటికి రాలేదు కూడా.

తాళంచెవి, ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితం ఇచ్చాక ఆయన నోటుబుక్కుల కట్ట కూడా ముందు పెట్టారు.

“అవెందుకు తాతా? నాకేం పని వాటితోని?” అన్నాడు కుర్రాడు. “ఆయిల్ ఎప్పుడు మార్పియ్యాల్నో చెప్పు చాలు.”

పెద్దాయన ఆఖరి పేజీలు తిప్పారు. పోయినసారి మార్చింది 1,17,900 దగ్గర. రెండు వేలకోసారి మార్చడం ఆయన పద్ధతి. కొత్త మీటరు మొదలైంది 1,18,940 దగ్గర. వేళ్ల మీద తీసేసి చెప్పారు: “తొమ్మిది వందల అరవై.”

కుర్రాడు ఆ అంకెను సెల్‌ఫోన్‌లో ఎక్కించుకుని, కిక్కు కొట్టాడు.