మామూలు అను మాట

మొన్న ఆదివారమునాడు లండనులో నున్న మిత్రుడొకడు తన కుమార్తెకు టాన్సిల్స్ తీయించుచున్న సంగతి ఫోనులో చెప్పుచు, “ఇక్కడ ఇది మరీ మామూలు ఆపరేషనండీ, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేయడమే” అనెను. ఆ ‘మామూలు’ అను మాట చెవిని బడినంతనే రెండేండ్ల క్రిందటి ఒక రాత్రి నా కన్నులయెదుట నిలిచెను. శుభము పలుకుటకైనను నాకు నోరాడలేదు.

మా ఏడేండ్ల పిల్లవాని విషయమున మేమును ఈ మాటనే వింటిమి. ఆసుపత్రివారి ఉత్తరములో ‘రొటీన్’ అని యుండెను; సంతకము చేయించుకొన్న వైద్యుడును అదియే చెప్పెను; ఊరినుండి ఫోను చేసిన బంధువులును అదియే చెప్పిరి. అయినను న్యాయము చెప్పవలెను: మేముండు ఈ పరదేశపు ఆసుపత్రివారి పనిలో మాత్రము ఆ మాట కానరాదు. ఏడాదిలో ఏడుమారులు, లేదా రెండేండ్లపాటు ఏటేట అయిదుమారులు, లేదా మూడేండ్లపాటు ఏటేట మూడుమారులు గొంతునొప్పితో బాధపడినగాని సామాన్యముగా కత్తి పట్టరు. వాని పేరును పుట్టిన తేదీని ముగ్గురు వేర్వేరుగా నడిగి చేతిపట్టీతో సరిచూచుకొనిరి. ఇట్టి ప్రశ్నలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన భద్రతా పట్టికను ఢిల్లీ, లండను మొదలగు ఎనిమిది నగరములలో పరీక్షింపగా, శస్త్రచికిత్సానంతర మరణములు నూటికి 1.5 నుండి 0.8కి దిగినవి. పేరడుగుటవంటి స్వల్పకార్యమునకు ఇంతటి ఫలమా యని నేను చేతులు జోడించితిని.

కాని ఆ శ్రద్ధయంతయు సాయంత్రముతో ముగిసినది. టోస్టు నమిలి మ్రింగినచో గొంతు శుభ్రపడునని తినిపించి, నొప్పిమందు సీసాలను, ఒక ఫోను నంబరును మా చేతబెట్టి పంపిరి. ఏడవనాటి రాత్రి రెండుగంటలవేళ, నిద్రలో వాడు మాటిమాటికి గుటకలు వేయుచుండుట నా భార్య వినెను. టార్చి వెలిగించి చూడగా పెదవి మూలనుండి తలగడవరకు సన్నని ఎఱ్ఱచార. గొంతులో కట్టిన తెల్లని పక్కు అయిదు మొదలు పదిదినముల మధ్య ఊడునప్పుడే ఇట్టి రక్తస్రావము తరచుగా వచ్చును. నిద్రించు బిడ్డ దానిని మ్రింగుచుండును గనుక బయటకు కనబడదు. వెంటనే వానిని ఆసుపత్రికి కొనిపోగా, తెల్లవార్లు అచటివారు కనిపెట్టి యుండిరి. రక్తము దానంతటదే నిలిచినది. వాడు నేడు క్షేమముగా నున్నాడు.

ఆ వార్డులో కూర్చుండి, తెనాలిలోని మా పెద్దమ్మను తలచుకొంటిని. 1974లో మా అన్నయ్యకు ఈ ఆపరేషనే జరిగినప్పుడు ఆమె పదిరాత్రులు మంచము ప్రక్కన చాప వేసికొని, దీపము తగ్గించి, వాని కంఠముమీదనే చూపు నిలిపి, “గుటకలు లెక్కపెడుతున్నాను, నువ్వు పడుకోరా” అనెడిది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందను సామెతను నిత్యము పలుకు ఆ తల్లి నోట ‘మామూలు’ అను మాట ఒక్కనాడును రాలేదు. మన ఆసుపత్రి వరండాలలో చాపలమీద, టిఫిను క్యారియర్లమధ్య కాచుకొనియుండు చుట్టములను చూచి ఇచటివారు రద్దీ యందురు. నేనది పహరా యందును. అయితే, వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును తెలుపు పరికరము ఆనాడు మా ఊర లేదు; ఆ కొరత ఏ పెద్దమ్మయు తీర్చజాలదు. యంత్రమును కావలెను, చాపయును కావలెను.

‘మామూలు’ అను ఈ మాట ఎంతటి కీడు చేయునో 1934నాటి న్యూయార్కు లెక్క యొక్కటి చాలును. వేయిమంది బడిపిల్లలలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసియుండిరి. తక్కినవారిని మూడుమారులు వరుసగా వైద్యులకు చూపి, తీయవలెనన్నవారిని ప్రతిమారును వేరుచేయగా, తుదకు అక్కరలేదనిపించుకొన్నవారు 65 మందియే. మామూలైపోయిన పనికి కారణము నడుగువారుండరు.

మరునాడు మిత్రునకు మరల ఫోను చేసి ఈ సంగతులన్నియు చెప్పితిని. మీకును అదియే విన్నపము. ఊరినుండి పెట్టెలో తెచ్చుకొన్న దగ్గుమందును పిల్లలకు పోయకుడు. అందు కొడీన్ ఉన్నచో అది దేహములో మార్ఫిన్‌గా మారును, కొందరు పిల్లలలో అతివేగముగా మారి శ్వాసనే అణచివేయును. టాన్సిల్స్ తీసిన పిల్లలకు దానిని ఈయరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే తీవ్రముగా హెచ్చరించెను. రెండువారములు బిడ్డ ప్రక్కనే పరుండుడు. గుటకలు వినబడినచో దీపము వెలిగించి చూడుడు. ఎఱ్ఱని చుక్క కనబడినచో తెల్లవారువరకు ఆగకుడు.